చిట్టెమ్మ పెద్దమ్మ నడవాలనుకున్న దారి

వనపర్తిలో నేనుంటున్న గది పక్క స్థలంలో ఈ ఉదయం నుంచి బోరు వేస్తున్నారు. కిటికీ మూసినా తెల్లటి రాతిదుమ్ము లోపలికొచ్చి పుస్తకాల మీద వాలింది. తడిగుడ్డతో తుడుస్తుంటే, తడిసిన రాయి వాసనకు నా చేతులు ఆగిపోయాయి. నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. రోజూ డైరీ రాసుకునేదాన్ని, అందులో కూడా రాయలేదు. మూతబడ్డ రెండు పలుగురాయి గనుల్లో ఒకదాంట్లో దిగి, భూమి లోపలే నడిచి, రెండోదాంట్లోంచి బయటపడాలని చిట్టెమ్మ పెద్దమ్మా నేనూ ఒక ఎండాకాలమంతా ఆలోచన చేశాం.

ఆమె మాకు చుట్టం కాదు. బల్మూరు దగ్గర మా ఊళ్లో పక్కింటి మనిషి. ఊరి వెనక గుట్టకు తూర్పున ఒక గని, పడమట ఒకటి ఉండేవి. ఆమె పెనిమిటి బాలయ్య లోపల రాయి కొట్టేవాడు. ఆడవాళ్లు దిగితే అరిష్టమని ఆమెను గని మూతి దాటనిచ్చేవారు కాదు. పెళ్లయిన నాటి నుంచి గనులు మూతబడేదాకా ఆమె బయట ఎండలో కూర్చుని, రాయి పగలగొట్టి, తెల్లదీ మసకదీ వేరుచేసి తట్టల్లో మోసింది. రెండు వైపుల నుంచీ తవ్వుకుంటూ వచ్చినవాళ్లు ఒకనాడు లోపల కలుసుకున్నారనీ, కలిసిన చోట పెద్ద గదిలా ఉంటుందనీ, దీపం ఎత్తితే పైకప్పంతా మెరుస్తుందనీ బాలయ్య చెప్పేవాడట. గని లోపలి రాతిదుమ్మే అతన్ని తీసుకుపోయింది. బయట కూర్చున్న ఆమె ఊపిరితిత్తుల్లోనూ అదే దుమ్ము చేరింది. ఊపిరి పూర్తిగా పోకముందే ఆ గది చూసి అవతల తేలాలి. ఆమెకు మిగిలిన కోరిక అదొక్కటే.

నేను నలుగురిలో నోరు విప్పని పిల్లను. డిగ్రీ సెలవుల్లో పుస్తకం పట్టుకుని మూల కూర్చునేదాన్ని. "ఎవ్వరికి చెప్పవు గద, అందుకే నిన్ను పట్టిన," అనేది పెద్దమ్మ. రొట్టెలు చేయబోతూ పళ్లెంలోని జొన్నపిండిలో వేలితో దారి గీసేది.

"ఇది తూర్పు గని. గిట్ల దిగితం. గిట్ల బోయి పడమట తేల్తం."

"లోపల గుడ్డెలుగు ఉంటే, పెద్దమ్మా?"

"నిన్ను ముంగట పెడ్త. సదువుకున్నదానివి, ఇంగ్లీషుల మాట్లాడు. అదే ఉరుకుతది."

ఆమె నవ్వు దగ్గుగా మారేది. దగ్గు తగ్గాక వేడినీళ్లు పోసి, దారినంతా పిండిలో కలిపేసి రొట్టె కొట్టేది.

బాలయ్యతో పనిచేసిన రాములు తాత అచ్చంపేటలో కూతురి దగ్గర ఉంటున్నాడని తెలిసి ఒకరోజు బస్సెక్కాం. గడప ముందు ఆమె నన్ను ముందుకు తోసింది. "నువ్వే అడుగు. నాకు ఆయాసం. ఎంతసేపు గట్ల నేల సూస్తవ్? దారి ఆయన నోట్ల ఉన్నది." ముక్కూమొహం తెలియని మనిషిని నేను ప్రశ్నలడగడం అదే మొదలు. ఎక్కడ వంగాలి, ఎక్కడ నీళ్లు నిలుస్తాయి, గాలి ఎక్కడ ఆడదు అని ఒక్కొక్కటే అడిగాను. అన్నీ చెప్పి, తాత ఆమె వైపు తిరిగాడు.

"పానం మీద తీపి లేదానే చిట్టెమ్మా?"

"ఉన్నదే సగం పానమన్నా. దానికి తీపెంత, చేదెంత."

"అయితే బైటపడే మూతి ముందుగాల సూస్కోండ్రి. అది సూడకుండ దిగకుండ్రి."

మర్నాడు పొద్దున్నే పడమటికి నడిచాం. కొంచెం నడవగానే ఆమె రాయి చూసుకుని కూర్చునేది. గుట్ట మలుపు తిరిగాక, మూతి ఉండాల్సిన చోట మట్టిదిబ్బ ఉంది. దాని మీద తంగేడు మొలిచింది. అక్కడ గొర్రెలు కాస్తున్న మనిషి సంతోషంగానే చెప్పాడు: "బర్రె పడి సచ్చిందమ్మా. మల్ల పిల్లలు పడ్తరని ఊరోళ్లమే ట్రాక్టర్లు పెట్టి పూడ్చినం. ఇగ పరేషాన్ లేదు."

కోప్పడటానికి కూడా ఎవరూ లేరు. ఆమె వంగి ఆ మట్టిని అరచేత్తో తట్టి చూసింది.

"తూర్పు నుంచి దిగి, ఆ గది చూసి వెనక్కి వద్దాం పెద్దమ్మా," అన్నాను.

"పోయిన దారినే మల్ల వచ్చుడా? తట్ట నెత్తిన బెట్టుకొని మూతికాడికి పోవుడు, మల్ల వచ్చుడు. బతుకంత అదే చేసిన. నాకొద్దు."

ఆ తర్వాత ఆమె పిండిలో ఏదీ గీయలేదు. నేనూ గనుల మాట ఎత్తలేదు.

ఇప్పుడు నా ఉద్యోగమే కొత్తవాళ్లతో మాట్లాడటం. బెరుకనిపించినా అడిగేస్తాను. ఏ కొత్త చోటికి వెళ్లినా బయటికి పోయే తలుపు చూశాకే కూర్చుంటాను. ఎన్నడూ చూడని ఆ దారి మలుపు మలుపూ నాకు తెలుసు. అది ఎవరికీ అక్కరలేదు. తూర్పు గని మూతి ఇంకా తెరిచే ఉంది. నాకు దిగాలని లేదు.

ఆ ఏడు వానలు మొదలయ్యాక పెద్దమ్మను నాగర్‌కర్నూల్ దవాఖానలో చేర్చారు. ఒక సాయంత్రం మంచం పక్కన కూర్చున్నాను. ముక్కుకు ఆక్సిజన్ మాస్కు పెట్టినా ప్రతి ఊపిరికీ ఆమె భుజాలు ఎగసిపడుతున్నాయి. ఏదో ఒకటి అనాలని, "పడమటి మట్టి తవ్విద్దాం పెద్దమ్మా. ట్రాక్టరాయన్ని నేనే అడుగుతా," అన్నాను.  ఆమె మాస్కు కొంచెం పక్కకు జరిపింది.

"పో బిడ్డా, బస్సు పోతది. నేను యాడికి పోత?"