హల్లులు రాలిపోయిన మాటలు

డెబ్బైల చివర్లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాకు క్షయ పట్టుకుంది. వరంగల్‌లో స్టేషన్ దగ్గరి వాడకట్టులో ఉండేవాళ్ళం. రోజూ పొద్దున్నే దవాఖానకు నడిచిపోయి సూది వేయించుకునేదాన్ని. దగ్గు తగ్గింది గానీ, చెవుల్లో కీచుమని మోత మొదలైంది. కంపౌండరుకు చెప్పాను.

"సూదులకు గట్లనే అయితది. పోతది తియ్" అన్నాడు.

మోత పోలేదు. సూదులూ ఆగలేదు.

నయమై బడికి వెళ్ళాక అందరి గొంతులూ వినబడుతూనే ఉన్నాయి. మాటలే తేలడం లేదు. "కల" అన్నారో "తల" అన్నారో తెలిసేది కాదు. ఎదుటివాళ్ళ నోరు కనబడితే కొంత పోల్చుకునేదాన్ని. తెలుగు సారు బెంచీల మధ్య తిరుగుతూ డిక్టేషన్ చెప్పేవారు. ఆయన నా వెనక్కి వెళ్ళారంటే ఊహించి రాయడమే. ఒకరోజు నా పుస్తకం తీసి అందరికీ చదివి వినిపించారు: "పిల్లలు ఎరువులో ఈత కొట్టారు." ఆయన చెప్పింది "చెరువులో". క్లాసంతా పగలబడి నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో కూడా నాకు వెంటనే అర్థం కాలేదు.

తనను వెక్కిరిస్తున్నానని సారు మా నాన్నను, మా బాపును పిలిపించారు. బియ్యం గోదాములో బస్తాలు తూచే కాటా పని వదులుకొని వచ్చిన బాపు, మాటలు సరిగా తెలియడం లేదని నేనంటే, ఆ కోపంతోనే నన్ను ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆ డాక్టరు నా వెనక నిలబడి స్టీలు ప్లేటు కింద పడేశాడు. ఉలిక్కిపడి తిరిగి చూశాను.

"చెవులు మంచిగనే ఉన్నయ్. చదువు మీదనే మనసు లేదు" అన్నాడు.

ఇంటికి రాగానే బాపు చెంప మీద కొట్టాడు. "పిలుస్తే పలుకుతానవు. పని చెప్తే ఇనవడదా? నాటకాలాడుతానవా?"

నిజమే, పిలిస్తే పలికేదాన్ని. పిలుపులో సాగదీసే "ఓ" నాకు అందేది. ఆ పలకడమే నా మీద సాక్ష్యమైంది. నన్ను కన్న అవ్వ ఒక్కతే నా గదమ పట్టుకొని, ముఖం తన వైపు తిప్పుకొని మాట్లాడేది. ఆమె మాట ఇంట్లో ఎవరు వింటారు? పది మధ్యలోనే బడి మాన్పించి మిషను కుట్టడం నేర్పించారు.

ఎనభైలలో హనుమకొండలో చెవి డాక్టర్ల క్యాంపు పెట్టారు. అవ్వే బలవంతాన తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ కాగితం నోటికి అడ్డం పెట్టుకొని మాటలు చెప్పింది. విన్నది విన్నట్టు తిరిగి చెప్పమంది.

"ఆలు... ఆలు... ఆలు" అన్నాను.

కాగితం తీసి మళ్ళీ చెప్పింది. మొదటిది "పాలు" అని పెదవులను బట్టి తెలిసింది. తర్వాతవి తెలియలేదు. అవి "కాలు", "తాలు" అట.

"చిన్నప్పుడు సూదులేమన్న ఇచ్చిన్రా బిడ్డా?" అని అడిగింది. చెప్పాను. ఆమె నెమ్మదిగా, నా ముఖంలోకి చూస్తూ వివరించింది. ఆ మందుకు చెవి నరం దెబ్బతింటుందట. ముందు పోయేవి సన్నటి ధ్వనులేనట. అచ్చులు బరువైనవి, అవి మిగులుతాయి. స, చ, త, క లాంటివి జారిపోతాయి. చెవి మిషను పెట్టుకుంటే చప్పుడు పెరుగుతుంది గానీ మాట స్పష్టం కాదంది.

"మోత మొదలైనప్పుడే సూదులు ఆపితే ఇంత గాకపోవు" అంది.

ఇంటికొచ్చి అవ్వ అదంతా బాపుకు చెప్పింది. ఆయన నాకు ఎదురుగా, పెదవులు కనబడేంత దగ్గర కూర్చొని ఉన్నాడు.

"ఇప్పుడు తెలిసి ఏం ఫాయిదా? పోయిన చదువు మల్ల వస్తదా?" అన్నాడు.

అంతే. అవ్వ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఇన్నేళ్ళూ నాది పొగరో, మొద్దుతనమో, నిజంగా నాటకమో తేల్చుకోలేక నన్ను నేనే అనుమానించుకున్నాను. ఆ అనుమానం మాత్రం ఆరోజు తీరింది. పక్కింటావిడ జాకెట్టు సగంలో ఉంటే, వెళ్ళి మిషను ముందు కూర్చున్నాను.