పాట కింద నడిచిన మనిషి

పోయిన వారం అరకు నుంచి టైడా వెళ్ళే జీపులో వెనక సీటులో ఇరుక్కుని కూర్చున్నాను. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఇంజను రొద, బయటినుంచి తడి మట్టి వాసన, నా కాళ్ళ దగ్గర ఎవరిదో పసుపు బస్తా. డ్రైవరు ఒక పాత సినిమా పాట పెట్టాడు. పాడినావిడ గొంతు ఆ రొదలో సగం కొట్టుకుపోతోంది, మాటలు అందడం లేదు. కానీ ఆ గొంతు కింద ఉన్న నాదం మాత్రం సీటు ఇనుములోంచి నా వెన్నులోకి వస్తోంది. ఆఖరి చరణంలో ఆవిడ ఒక స్వరాన్ని పట్టుకుని నిలబడితే, ఆ కింది నాదం ఒక్కో మెట్టూ దిగుతూ పోయి నేలకు ఆనినట్టు ఆగింది. నా పక్కన కూర్చున్న ముసలాయన కళ్ళు మూసుకుని కూనిరాగం తీస్తున్నాడు. "డుం... డుడుం... డుం" అంటూ ఆయన తీస్తున్నది ఆ దిగే వరసనే. దాన్ని వాయించిన మనిషి పేరు ఆయనకు తెలియదు. ఆ పాట ఇష్టపడే ఇన్ని వేలమందిలో ఎవరికైనా తెలుసో లేదో. నాకు తెలుసు. ఆయన మా దయానందం మాస్టారు.

మాస్టారిది పార్వతీపురం దగ్గర పల్లె. మిషను చర్చిలో గిటారు నేర్చుకుని, కుర్రతనంలోనే మద్రాసు వెళ్ళి, సినిమా పాటల రికార్డింగుల్లో బేస్ గిటార్ వాయించేవారు. బేస్ అంటే నాలుగు లావుపాటి తీగలుండే గిటారు. పెళ్ళిలో వంటవాడిలాంటి వాయిద్యం అది. అందరూ తిని వెళతారు, ఎవరూ లోపలికి తొంగిచూడరు. ఉదయం ఒక స్టూడియో, మధ్యాహ్నం ఇంకో స్టూడియో, అలా మూడు దశాబ్దాలు. క్యాసెట్ల మీద ఆయన పేరు ఎక్కడా ఉండదు. కీబోర్డులు వచ్చి ఆ పని తగ్గిపోయాక, భార్య పుట్టిన ఊరని అరకు వచ్చి, రైలు పట్టాలకు దగ్గర్లో చిన్న పెంకుటిల్లు కొనుక్కున్నారు. ఆమె పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు. అన్నేళ్ళ మద్రాసు ఆయన యాసను ఇసుమంత కూడా కదపలేకపోయింది.

అప్పట్లో ఆయన నాకు చర్చిలో వెనక బల్ల మీద కూర్చునే ముసలాయన, అంతే. నేను ముందు వరసలో నిలబడి పాడేదాన్ని. స్కూల్లో పిల్లలకు పాటలు నేర్పే ఉద్యోగం, ఆదివారం గాయకబృందం, కొండకింది ఊళ్ళలో పెళ్ళిళ్ళకు కూడా నన్నే పిలిచేవారు. సుగుణ అంటే గొంతు, గొంతు అంటే సుగుణ. ఆ గొంతులోనే ఒకనాడు చిన్న గడ్డ తేలింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు. గొంతు మారే ప్రమాదం ఉందని ముందే చెప్పారు, అలాగే జరిగింది. కట్టు విప్పాక అమ్మను పిలవబోతే గాలి మాత్రమే వచ్చింది. నెలలు గడిచాక మాట వచ్చింది గానీ పాట రాలేదు. ఇప్పుడు మీతో మాట్లాడినా ఈ బొంగురు గొంతుతోనే మాట్లాడాలి. స్కూల్లో నన్ను ఆఫీసు పనికి మార్చారు. చర్చికి వెళ్ళడం మానేశాను. ఆదివారం ఉదయం ఆ పాటలు గాలికి మా ఇంటిదాకా వచ్చేవి. నేను తలుపులు వేసుకునేదాన్ని.

ఒక ఆదివారం ఆరాధన అయిపోయిన కాసేపటికి మాస్టారు మా ఇంటికి వచ్చారు. భుజాన నల్ల సంచీలో గిటారు. అమ్మ కంగారుగా కుర్చీ వేసింది.

"రండి మాస్టారూ. ఇది ఎవురితోటీ మాటాడట్లేదండి. ఏటి సెయ్యాలో నాకు తెలీట్లేదు," అంది.

"మాటాడించడానికి రానేదమ్మా. కాఫీ ఉంటే పొయ్యి," అన్నారాయన.

కాఫీ తాగడం అయ్యాక గిటారు తీసి, స్పీకరుకు వైరు తగిలించకుండానే, దాన్ని నా ఒళ్ళో పెట్టారు. దాని చెక్కను నా ఎదురురొమ్ముకు గట్టిగా ఆనించుకోమన్నారు. వంగి, అన్నిటికంటే లావు తీగను బొటనవేలితో ఒక్కసారి మీటారు. గదిలో చప్పుడేమీ లేనట్టే ఉంది. కానీ నా లోపల, పాడేటప్పుడు పక్కటెముకలు కదిలే ఆ చోటనే, ఏదో లేచి నిలబడింది. ఏడాదిగా అక్కడ అంతా ఖాళీ.

"ఎక్కడ ఇనబడింది?"

చెయ్యి పెట్టి చూపించాను.

"మరింక గొంతుతో పనేటి?" అన్నారు మాస్టారు.

నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. ఇంకోసారి మీటారు, అది పూర్తిగా అణిగేదాకా ఆగారు, మళ్ళీ మీటారు. ఆ రోజు ఆయన చేసింది అంతే.

మర్నాటి నుంచి స్కూలు అవగానే ఆయన ఇంటికి వెళ్ళేదాన్ని. చాలాకాలం ఒక్క తీగే. వేళ్ళ కొసలు పొంగి, పగిలి, కాయలు కాశాయి. నాకేమో పాడేదాని తొందర, చేతికి వచ్చిన స్వరాలన్నీ వాయించెయ్యాలని. "బేగి బేగి ఎక్కడికెల్లిపోతావే గుంటా?" అనేవారు. "నువ్వు రోడ్డువి. రోడ్డు పరిగెడితే బండేటవుతాది?" ఇనుపరాయి నింపుకున్న గూడ్సు వెళుతుంటే ఇంటి పెంకులన్నీ సన్నగా వణికేవి. అప్పుడు మాత్రం చెయ్యెత్తి ఆపేవారు. "దాని కన్నా కింది సొరం మన దగ్గర నేదు. ఎల్లనీ."

ఒకసారి ఊళ్ళో థింసా ఆడుతుంటే తీసుకువెళ్ళారు. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు చేతులు అల్లుకుని కదులుతున్నారు, మోరీ సన్నాయి గాలిని కోస్తోంది, డప్పులు మోగుతున్నాయి. నేను మోరీ పాటకు తల ఊపుతున్నాను. మాస్టారు నా చెవి దగ్గర వంగి, "అడుగులిను," అన్నారు. విన్నాను. అందరి అరికాళ్ళూ ఒక్కసారే నేలను తాకుతున్నాయి. అది లేకపోతే మోరీ ఎక్కడో ఎగిరిపోతుంది. అక్కడ నిలబడి ఉండగానే మద్రాసులో ఆయన చేసినదేమిటో నాకు మొదటిసారి తెలిసింది.

ఇంటికి వచ్చి ఆయన వాయించానని చెప్పిన పాటలు ఒక్కొక్కటే ఫోనులో పెట్టి వినడం మొదలుపెట్టాను. చిన్నప్పటినుంచి ఎరిగిన పాటలే. ఒక జోలపాటలో పాటంతా కలిపి ఆయన వాయించినవి రెండే స్వరాలు, ఉయ్యాల అటూ ఇటూ పోతున్నట్టు. ఒక యుగళగీతంలో ఇద్దరూ పోట్లాడుకుంటుంటే, కింద ఈయన మూడో మనిషిలా ఇద్దరికీ సర్దిచెబుతూ నడుస్తారు. నేను వేలసార్లు పాడిన పాటల కింద ఇంకో పాట ఉందని ఇన్నేళ్ళూ నాకు తెలియదు. భయంలాంటి ఆశ్చర్యం వేసింది. ఉన్న ఇంటికింద నది పారుతోందని ఎవరో చెప్పినట్టు.

జీపులో విన్నానన్నానే, ఆ మెట్లు దిగే వరస, దాని గురించి అడిగాను.

"మాకిచ్చిన సొరాల కాయితంలో అది రాసి నేదు," అన్నారు మాస్టారు. "ఆ చరణంలో నాను ఊరుకోవాల. అప్పట్లో అందరం ఒకేసారి వాయించేవోళ్ళం, అద్దం గోడ అవతల ఆవిడ పాడేది. ఆరోజు ఆవిడ తమ్ముడు పోయి వారం తిరగనేదు. అయినా వొచ్చింది. చరణంకాడికొచ్చేసరికి గొంతు వణికింది. మానేత్తాదేమోనని అందరం అలగే సూత్తన్నాం. నాకేటి తోచిందో తెలీదు, కిందనించి ఒక సొరం పెట్టినాను. దానిమీద నిలబడింది. ఇంకోటి పెట్టినాను. అలగ సివరిదాకా ఎల్లిపోయింది."

"మ్యూజిక్ డైరెక్టరు ఏమీ అనలేదా?"

"ఏటీ అన్నేదు. ఉంచీసారు. ఆవిడ బయటికొచ్చి నా సెయ్యి మీద సెయ్యేసింది. ఎల్లిపోయింది. అంతే."

ఇంత చెప్పి, చలికి చేతులు రుద్దుకుంటూ కుంపటి దగ్గరికి జరిగారు.

ఆ తరువాత ఒకటి రెండేళ్ళకు ఆయన వినికిడి పోసాగింది. ముందు పక్షుల కూతలు పోయాయన్నారు, తరువాత ఫోను మోత. మేం పలక మీద సుద్దతో రాసి మాట్లాడుకునేవాళ్ళం. తీగల నాదాన్ని మాత్రం ఆయన వదల్లేదు. గిటారు పైకి పొడుచుకొచ్చిన చెక్క కొమ్ముకు గడ్డం ఆనించి, ఎముకల్లోంచి వినేవారు.

ఒక మధ్యాహ్నం ఆ వరస వాయించమన్నారు. ఆయన ఎదుట దాన్ని వాయించే ధైర్యం అంతకుముందు ఎప్పుడూ చెయ్యలేదు. ఆయన కుర్చీ నా పక్కకు లాక్కుని, వంగి, గడ్డం చెక్కకు ఆనించి కళ్ళు మూసుకున్నారు. నెరిసిన ఆ తల నా భుజానికి తగులుతోంది. వాయించాను. మెట్టు మెట్టూ దిగి, ఆఖరు మెట్టుకు ముందు నా చెయ్యి తనంతట తాను ఆగింది, ఒక్క లిప్త. తరువాత దిగింది.

మాస్టారు కళ్ళు తెరిచారు. "అక్కడ నాను ఆగనేదు. నువ్వెందుకాగినావు?"

తప్పు చేశాననుకున్నాను. పలక తీసుకుని రాశాను: 'పాడేవాళ్ళకు అక్కడ ఊపిరి కావాలి.'

ఆయన పలక చదివారు. మళ్ళీ వాయించమని సైగ చేశారు. వాయించాను, అదే చోట ఆగాను. ఈసారి ఆయన పెదవులు కొద్దిగా తెరిచి, నాతోపాటే ఊపిరి తీసుకోవడం నా భుజానికి తెలిసింది.

"అన్నేళ్ళు వాయించినాను, నాకిది తట్టనేదు," అన్నారు. "పాడినదానివి గనక నీకు తెలిసింది. అది నీది. ఉంచుకో." నా గొంతు ఎక్కడికీ పోలేదని ఆ క్షణాన నమ్మాను. వేళ్ళలోకి దిగింది, అంతే.

తరువాతి వానాకాలం మాస్టారు పోయారు, పగటిపూట, వరండాలో కుర్చీలో కూర్చునే. సమాధి దగ్గర గాయకబృందం పాడితే నేను బ్యాటరీ స్పీకరు పెట్టుకుని కింద వాయించాను. వానకు నానిన నేల నాదాన్ని తాగేసింది, సగం ఎవరికీ వినబడి ఉండదు. ఆయన గిటారును మేనల్లుడు తీసుకువెళ్ళాడు. అదే న్యాయం. నేను విశాఖపట్నంలో పాతది ఒకటి కొనుక్కున్నాను.

ఇప్పుడు సెలవుల్లో అక్కడి స్టూడియోలో చిన్న చిన్న పాటలకు వాయిస్తుంటాను. మొన్న పాడేరు నుంచి ఒక అమ్మాయి మొదటిసారి పాడడానికి వచ్చింది, చున్నీ కొస వేళ్ళకు చుట్టుకుంటూ నిలబడింది. నన్ను గోడవైపు కూర్చోమన్నారు. నేను లేచి కుర్చీని ఆమె పాడే గది అద్దం దగ్గరికి జరుపుకున్నాను, ఆమె భుజాలు కనబడే చోటికి. పాడేవాళ్ళ ఊపిరి మొదట కనబడేది భుజాల్లోనే. అవి పైకి లేచేదాకా ఆగి, అప్పుడు మొదటి తీగ మీటాను.