రెండో పిలుపు

మా పేటలో మంగమ్మని బయటి నుంచి పిలవాలంటే మన గొంతు పోవాల్సిందే. రెండోసారి పిలిస్తే గానీ పలకదు. చచ్చిపోయినవాళ్ల గొంతుతో సముద్రం ఒక్కసారే పిలుస్తుందని, పలికితే తీసుకుపోతుందని మా వాళ్లందరికీ పట్టింపు. మేం చీకటి పడ్డాకే పాటిస్తాం. ఆవిడ మిట్టమధ్యాహ్నం కూడా పాటిస్తుంది. పురుషోత్తంపూర్ సంతలో ఎండుచేపల బేరానికి వచ్చినవాళ్లు చెవుడనుకుని నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు.

కొన్నేళ్ల కిందట, తుఫాను నాటి సాయంత్రం ఆవిడ కొడుకు కాశయ్య పడవ ఇంకా తిరిగిరాలేదు. తలుపు బయట "అమ్మా" అని ఒక్కసారి వినిపించింది. మంగమ్మ గడియ మీద చెయ్యేసి రెండో పిలుపు కోసం నిలబడింది. అది రాలేదు. తెల్లారి కాశయ్య శవం మా ఇళ్ల వెనక ఇసుకలో కనిపించింది. అలలే తెచ్చి పడేశాయని, పిలిచింది సముద్రమేనని అందరం అన్నాం. ఆ మాట పట్టుకునే ఆవిడ ఇన్నేళ్లూ బతికింది.

మొన్న కాశయ్య కూతురు తులసికి మూడో తరగతి తెలుగు వాచకంలో "సముద్రం పిల్లల్ని రమ్మని పిలిచింది" అనే వాక్యం వచ్చింది. పిల్ల భయపడి చదవనంది. పద్మిని టీచరుది గిరిసోల, పొలాలవాళ్లమ్మాయి. మా పట్టింపులు ఆమెకేం తెలుసు? భయం పోగొట్టాలని విడమరచి చెప్పింది. తులసి గంతులేసుకుంటూ ఇంటికొచ్చింది.

"నానమ్మా, సముద్రానికి నోరు లేదంట! పిలిసేది మనుసులేనంట. అందానికి అలగ రాస్తారంట."

మంగమ్మ చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. మర్నాడు బడికి బయల్దేరింది. తోడుగా నేనూ వెళ్లాను, ముందే లోపలికెళ్లి టీచరుకు సంగతంతా చెప్పాను.

"సముద్రం పిలవదా టీచరమ్మా?" అంది మంగమ్మ.

పద్మిని కళ్లలో నీళ్లు తిరిగాయి. "పిలుస్తాదమ్మా. నిజంగానే పిలుస్తాది."

"మరి పిల్లలకి అలగెందుకు సెప్పావు?"

పద్మిని బల్ల మీది వాచకాన్ని గబగబా మూసేసింది.

"అయితే ఆనాడు పిలిసింది నా కొడుకే తల్లీ," అంది మంగమ్మ. అరవలేదు, ఏడవలేదు. ఆ వాచకాన్ని చింపి పోగులు పెట్టాలన్నంత కోపం వచ్చింది నాకు.

ఇప్పుడు ఆవిడ మొదటి పిలుపుకే పలుకుతోంది. గాలికి తలుపు కొట్టుకున్నా "వస్తన్నాన్రా" అంటూ లేస్తోంది. నిన్న సాయంత్రం నేను పిలిస్తే పరుగున వచ్చి గడియ తీసింది. నా భుజం పక్కనుంచి ఇసుక వైపు చాలాసేపు చూసింది.

"నువ్వా," అంది.