మా సెమినార్‌కి వచ్చిన సత్యవతి గారు

మెల్‌బోర్న్‌లో డిగ్రీ చదువుతూ, కిందటేడాది పరిశోధన కోసం మా క్లాసువాళ్లం ఒక సెమిస్టర్ హైదరాబాద్‌లో ఉన్నాం. ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెప్పే సత్యవతి గారి దగ్గర కూర్చుని నేను రాసుకున్నదంతా నా క్లాస్‌మేట్ నిఖిల్ కాపీ కొట్టాడు. సెమినార్ ముందు రోజు అతని స్లైడ్లు కంటపడ్డాయి. ఎవరికీ చెప్పలేదు. సత్యవతి గారిని సెమినార్ జరిగే జూబ్లీ హిల్స్ హాలుకి పిలిచి వెనక వరుసలో కూర్చోబెట్టాను.

నిఖిల్ నాకంటే ముందు స్టేజీ ఎక్కి, ఆవిడతో నెలంతా గడిపానని చెప్పాడు. ఆవిడ లేచి నిలబడి నా వైపు చెయ్యి చూపించారు.

"నిన్నెప్పుడూ చూడలేదే బాబూ. నా దగ్గరికి వచ్చింది ఈ అమ్మాయి."

హీరోయిన్లకు డబ్బింగ్ చెప్పే గొంతు కదా, మైకు లేకుండానే హాలంతా వినిపించింది. ప్రొఫెసర్ అతణ్ని దిగిపొమ్మన్నారు. సాయంత్రం నిఖిల్ సారీ చెప్పడానికొస్తే నేను తలుపు తీయలేదు.

క్షమించడం గొప్ప గుణమంటారు. నాకు మాత్రం ఆ క్షణంలో అతని మొహం గుర్తొస్తే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.