మూడో బోగీలో ముత్యవ్వ సీటు

సౌదీలోని ఉనైజాలో మా కంపెనీ క్యాంపులో నూట ఎనభై మందిమి ఉంటాం. అందులో ఏనాడూ నిలబడి ప్రయాణం చెయ్యని మనిషి ఒక్కడే, లింబాద్రి. సొంతూరు భీంగల్ పక్కన. పని ఖర్జూరం తోటల్లో పంపులూ పైపులూ బాగుచెయ్యడం. పంపు పనిలో ఆయన కంటే గట్టివాళ్లు క్యాంపులో నలుగురైదుగురున్నారు. సీటు పట్టడంలో మాత్రం తనకు సాటి వచ్చేవాడు గల్ఫు మొత్తంలో లేడని ఆయనే చెబుతాడు. ఇరవై రెండేళ్లుగా స్టోర్‌లో కూర్చుని ఆయన్ని చూస్తున్న నేను కాదనలేను.

ఈ విద్య ఆయన నిజామాబాద్ బస్టాండులో నేర్చాడు. బస్సు ఇంకా ఆగకముందే వెంట పరుగెత్తి, కిటికీలోంచి దస్తీ, అంటే చేతిరుమాలు, లోపలికి విసరాలి. దస్తీ పడిన సీటు మనది. పట్టా పాసుపుస్తకం ఉన్న పొలాన్నైనా ఎవడో ఒకడు దున్నుకుంటాడేమో గాని, దస్తీ ఉన్న సీట్లో ఇంకొకడు కూర్చోడు. సౌదీకి వచ్చి ఆయన ఈ చట్టాన్ని ఇక్కడా అమలు చేశాడు. కంపెనీ బస్సులో దస్తీ, మెస్సు బల్ల మీద దస్తీ, క్షౌరశాలలో దస్తీ. బ్యాంకులో టోకెన్ చేతిలో ఉండగానే కౌంటరు ముందు కుర్చీ మీద దస్తీ వేసి వచ్చిన ఘనుడు. బంగ్లాదేశ్ వాళ్లూ పాకిస్తాన్ వాళ్లూ మొదట్లో గొడవపడి, తరవాత అలవాటు పడిపోయారు. బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడే మమ్మల్ని చూసి ఆయన జాలిపడేవాడు. ఆ జాలి భరించడం నిలబడడం కంటే కష్టంగా ఉండేది.

ఇంతటి వాడికి పెళ్లాం పక్కన కూర్చుని ప్రయాణం చేసే యోగం మాత్రం పట్టలేదు. ఊళ్లో ఉన్న రోజుల్లో దొరికేది ఒక్క సీటు. అందులో ముత్యవ్వనూ పిల్లనూ కూర్చోబెట్టి, ఆయన పోయి డ్రైవరు పక్కన ఇంజను మీద కూర్చునేవాడు. ఆ తరవాత ఇక్కడికి వచ్చేశాడు.

ఈ ఏడు ముత్యవ్వకు మూడు నెలల విజిట్ వీసా వచ్చింది. లింబాద్రి క్యాంపు బయట, ఉనైజా ఊళ్లో చిన్న గది తీసుకున్నాడు. గది గురించి కంటే దారి గురించే ఎక్కువ ఆలోచించాడు.

"రియాద్ నుంచి ఈడి దాంక ఇద్దరం పక్కపక్కన కూసొని రావాలె. గంతే. నాకింకేం వద్దు" అన్నాడు నాతో. నాకు నవ్వాలనిపించలేదు.

రైలు టికెట్లు మా రూంలో ఉండే ఎలక్ట్రీషియన్ రమేష్ ఫోన్లో తీశాడు. మూడో బోగీ, పక్కపక్క నంబర్లు. తీసి, అవతలి మనిషి ఎవరో తెలుసు కాబట్టి విడమరిచి చెప్పాడు.

"లింబన్నా, సీట్లు మీ పేరు మీదనే ఉన్నయి. ఉరకాల్సిన పనే లేదు. అందరికంటే ఎనుక ఎక్కినా మీ సీటు మీకే."

"పేరున్నంత మాత్రాన కూసున్నోడు లేస్తడారా?"

"లేస్తడే. ఈడ లేస్తరు."

"నీకింకా పెండ్లి కాలే. నీకేం ఎర్క" అని లింబాద్రి కొత్త దస్తీకి ఇస్త్రీ చేసుకున్నాడు.

ఇక్కడి నుంచి ఆయన చెప్పింది సగం, ముత్యవ్వ చెప్పింది సగం. రెండూ కలిపితే ఇదీ సంగతి.

రియాద్‌లో విమానం గంట ఆలస్యంగా దిగింది. ముత్యవ్వ ఒక సూట్‌కేసుతో, తాడు కట్టిన అట్టపెట్టెతో బయటికొచ్చింది. ఒకరినొకరు చూసుకుని ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. స్టేషన్ చేరేసరికి గేటు దగ్గర వరస చాలామటుకు కరిగిపోయింది. జనం ముందే వెళ్లిపోయారని తెలియగానే లింబాద్రికి ఒళ్లంతా నిజామాబాద్ బస్టాండు అయిపోయింది. అక్కడ ఫోన్లో టికెట్ చూపిస్తే గేటు తెరుచుకుంటుంది, ఒక్క మనిషి దాటగానే మూసుకుంటుంది. రెండు టికెట్లూ ఆయన ఫోన్లోనే ఉన్నాయి. ఆయన తన టికెట్ చూపించాడు, సూట్‌కేసు పట్టుకున్నాడు, పరుగు తీశాడు.

వెనక నుంచి ముత్యవ్వ పిలిచింది. ఆయనకు వినబడింది కూడా. "జల్ది రా, నేను సీటు పడ్త" అని వెనక్కి తిరగకుండానే అరిచాడు.

మూడో బోగీలో తన నంబరు సీట్లో కూర్చుని, కిటికీ పక్క సీటు మీద దస్తీ పరిచాడు. జనం ఒక్కొక్కరూ తాపీగా వచ్చి, నంబరు చూసుకుని, కూర్చుంటున్నారు. ఒక్కడు కూడా దస్తీ జోలికి రాలేదు. తన దెబ్బకు భయపడ్డారనుకున్నాడు. ముత్యవ్వ ఇంకా రాలేదు. ఫోన్ చేద్దామంటే ఆమె దగ్గర ఇక్కడి సిమ్ లేదు. బస్సు ఎక్కడంలో ఆమె మొదటి నుంచీ నెమ్మదే. దిగి చూసొద్దామని రెండుసార్లు లేవబోయాడు. లేస్తే రెండు సీట్లూ పోతాయి. మళ్లీ కూర్చున్నాడు. తలుపులు మూసుకున్న చప్పుడు వినబడలేదు. మన బస్సులా కుదుపు ఇస్తే తెలిసేది, ఈ రైలు కుదుపు కూడా ఇవ్వలేదు. కిటికీలో స్టేషన్ స్తంభాలు వెనక్కి పోతుంటే అప్పుడు లేచాడు.

పక్క వరసలో కూర్చున్న సౌదీ ముసలాయన దస్తీ వైపు చూపించి, ఎవరైనా వస్తారా అని అరబ్బీలో అడిగాడు.

"మదాం" అన్నాడు లింబాద్రి. ఇక్కడ పెళ్లాన్ని అలాగే అంటాం.

ఎక్కడ అని అడిగాడు ముసలాయన.

"రియాద్."

ముసలాయన ఫ్లాస్కులోంచి చిన్న కప్పులో గహ్వా, అదే అరబ్బు కాఫీ, పోసి చేతికిచ్చాడు. లింబాద్రి దాన్ని తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు ఫోన్ మోగింది.

"అంకుల్, నా పేరు జాయ్సీ అండి. బురైదాలో నర్సునండి. మీ ఆవిడే ఈ నంబరిచ్చారు, నా పక్కనే ఉన్నారు, కంగారు పడకండి. టికెట్ లేదని గేటు దగ్గర ఆపేశారు. తరవాతి రైలుకి ఆవిడ పాస్‌పోర్ట్ మీద నేనే టికెట్ తీశాను, నాతోపాటే వస్తారు. మీకంటే మూడు గంటలు వెనకొస్తామంతే."

"ఆమెకు కిటికీ పక్కన దొరికిందా బిడ్డా?"

"ముందు ఆంటీతో మాట్లాడండి అంకుల్" అని ఫోన్ ఇచ్చింది.

"ఏడున్నవ్?" అంది ముత్యవ్వ.

"సీట్ల."

"దొరికిందా?"

"దొరికింది. రెండు దొరికినయ్."

ముత్యవ్వ ఫోన్ తిరిగి జాయ్సీకి ఇచ్చేసింది.

దారి పొడుగునా ఆ ఖాళీ సీటు పక్కన కూర్చోవడం ఎలా ఉందో లింబాద్రి నాకు చెప్పలేకపోయాడు. భాష రాని దేశంలో, దిగిన రోజునే, ఆమెను గేటు దగ్గర వదిలేసి సీటును కాపలా కాశానని మాత్రం నాలుగైదుసార్లు అన్నాడు. ఉనైజాకూ బురైదాకూ కలిపి ఉన్న ఖసీం స్టేషన్లో దస్తీ ఆ సీటు మీదే మరిచిపోయి దిగాడు. వెయిటింగ్ హాల్లో కుర్చీలు వరసలు వరసలుగా ఖాళీ. మూడు గంటలూ ఆయన కూర్చోలేదు. ఈ మాట ఇంకెవరైనా చెబితే నేను నమ్మేవాణ్ణి కాదు.

తరవాతి రైల్లో వచ్చి ముత్యవ్వ దిగింది. అట్టపెట్టెకు ఒక పక్క ఆమె, ఇంకో పక్క జాయ్సీ. జాయ్సీ ఆయనకు నమస్కారం పెట్టి, నవ్వు ఆపుకోవడానికేమో, త్వరగా వెళ్లిపోయింది. లింబాద్రి పెట్టె అందుకున్నాడు.

"సీటు పోతదని భయమైంది" అన్నాడు.

"గా పిల్ల, నేను అందరికంటే ఎనుక ఎక్కినం. నా నంబరు మీద ఎవ్వలు కూసోలే" అంది ముత్యవ్వ. "సీటు యాడికి పోలే. నేనే ఆడ ఉండిపోయిన."

ఆయన పెట్టె కింద పెట్టి, మళ్లీ ఎత్తుకున్నాడు.

"మొదటిసారి సౌదీకి పోయినప్పుడు గూడ గట్లనే అన్నవ్. ముంగట నేను పోత, ఎనుక నువ్వు రా అని. ఇరవై రెండేండ్లాయె" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదని ఆయన అన్నాడు. "తిరిగి పోయేటప్పుడు నాకు సీటు పట్టకు. నా పక్కపొంటి నడువు."

బయట మా కంపెనీ డ్రైవరు కాషిఫ్ కారు పెట్టుకుని ఉన్నాడు. ముత్యవ్వ వెనక ఎక్కి పెట్టెను పక్కన పెట్టుకుంది. ఎన్నో ఏళ్లుగా ఆ కారులో ముందు సీటు లింబాద్రిదే. కాషిఫ్ ఆ తలుపు లోపలి నుంచే తెరిచి, "ఉస్తాద్, ఆగే బైఠో, ఏసీ ఇధర్ అచ్ఛా హై" అని, ఏసీ బాగా తగిలే ముందు సీట్లోకి పిలిచాడు.

లింబాద్రి ఆ తలుపు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ముత్యవ్వ ఆయన వైపు చూడలేదు. పక్కనున్న పెట్టెను ఎత్తి కాళ్ల దగ్గర పెట్టుకుంది.

ఉనైజా దాకా ముందు సీటు ఖాళీగానే వచ్చింది.