కొత్త స్కూల్లో నా రాంక్

మరిదికి మోరిస్‌విల్‌కి ట్రాన్స్‌ఫర్ అయ్యేలా ఉందనీ, పదకొండో క్లాసు పిల్లకి ఇప్పుడు స్కూలు మారితే క్లాస్ రాంక్ ఏమైపోతుందోననీ మా చెల్లెలు మొన్న ఫోన్‌లో తెగ బెంగపడింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు, అమెరికాలో ఒకప్పుడు మేమున్న ఎడారి ఊరు చాండ్లర్ ఎండే కళ్ల ముందు నిలిచింది.

ఎనభైల మొదట్లో నాన్నకి అక్కడ కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. నాది హైస్కూల్లో చివరి ఏడాది. ఒహాయోలోని పాత స్కూల్లో నాది రెండో రాంక్. చాండ్లర్‌లో మాకు తెలిసిన తెలుగువాళ్లు ఒక్క కుటుంబమే. ఆ ఇంటి ఆంటీ మేము దిగిన రోజునే పప్పూ వంకాయ కూరా గిన్నెల్లో తెచ్చింది. వాళ్లమ్మాయిది నా క్లాసే, ఫస్ట్ రాంక్. గిన్నెలు తిరిగివ్వడానికి వెళ్తే ఆంటీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "అక్కడ గ్రేడ్లు కాస్త ఈజీగా వేస్తారటగా అమ్మా?" లేదన్నాను. "సీనియర్ ఇయర్లో పిల్లని ఎవరైనా కదుపుతారా? మీ నాన్నగారు ఏదో ఆలోచించే ఉంటారు" అంది నవ్వుతూ. ఇంటికొచ్చి చెబితే అమ్మ స్టవ్ ఆపేసి మళ్లీ మొదటినుంచి చెప్పించుకుంది. ఆ తరువాత ఆంటీ పంపిన కూరలో ఉప్పు తక్కువైనా అమ్మకి అందులో ఏదో ఉద్దేశం కనిపించేది.

చలికాలం మొదట్లో, కాలేజీ అప్లికేషన్లు చూసే స్కూల్ కౌన్సెలర్ నన్ను పిలిచింది. కొత్తగా వచ్చినవాళ్లకి రాంక్ ఇవ్వరనీ, కాలేజీ అప్లికేషన్లో ఆ చోటు ఖాళీగానే పంపుతారనీ చెప్పింది. అంతకుముందే అమ్మ ఆంటీ కారుని స్కూల్ పార్కింగ్‌లో చూసింది. "ఆవిడే వెళ్లి నీ రాంక్ కొట్టేయించింది" అని తేల్చేసింది. "ఆవిడ చెబితే రూల్ మారుస్తారా?" అన్నారు నాన్న. అన్నారే గానీ, ఆ వారం నుంచే అదే ఫ్యాక్టరీలో పనిచేసే ఆంటీ వాళ్లాయనతో కలిసి ఒకే కార్లో వెళ్లడం మానేశారు.

నేను కోరుకున్న కాలేజీ రాలేదు. రాంక్ లేకనో, నేను చాలకనో ఎవరూ చెప్పలేదు. స్టేట్ యూనివర్సిటీలో చేరాను. ఆంటీ వాళ్లమ్మాయికి పెద్ద కాలేజీలోనే సీటొచ్చింది గానీ, అంత దూరం పంపేది లేదన్నారట వాళ్లింట్లో. తనూ అక్కడికే వచ్చింది. హాస్టల్లో ఇద్దరికీ ఒకటే గది. ఒక ఆదివారం బట్టలు మడతపెడుతూ, మీ అమ్మ నా రాంక్ గురించే స్కూల్‌కి వెళ్లిందా అని అడిగేశాను.

"అవును, మమ్మీ వెళ్లింది. నిన్ను కౌంట్ చేయొద్దు అని చెప్పడానికే" అంది, తన అమెరికా యాసలో. "వాళ్లు, ఆ రూల్ ఎప్పుడూ ఉంది అన్నారు. మమ్మీకి చాలా సిగ్గు వచ్చింది. అందుకే మీ ఇంటికి రావడం స్టాప్ చేసింది." మడతపెట్టిన చొక్కా పక్కన పెట్టి, "నిన్ను కౌంట్ చేస్తే నేను సెకండ్. నాకు తెలుసు" అంది.

అమ్మకి చెబితే మొదటి సగమే విని, "నేను అప్పుడే అన్లా?" అంది. రెండో సగం ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు.

నా పెళ్లిలో మాత్రం అమ్మా ఆంటీ తలంబ్రాల పళ్లేనికి చెరోవైపు నిలబడి, పూలు సరిపోతాయా లేదా అని వాదించుకున్నారు. పాత మాట ఎవరూ ఎత్తలేదు. అమ్మ అనుమానంలో ఎంత నిజముందో వాళ్లిద్దరూ ఎప్పుడూ తేల్చుకోకుండానే, ఏళ్లు గడిచేకొద్దీ అది దానంతటదే చిన్నదైపోయింది.