ఇంకా అవ్వని చదువు

నేటి ముస్లిం సమాజాల మీద ముప్పయ్యేళ్లుగా పరిశోధన చేస్తున్నాను. టెక్కలి కాలేజీవాళ్లు నా ఉపన్యాసానికి వేసిన ఆహ్వానపత్రికలో ‘ఇస్లాం గురించి వీరికి తెలియనిది లేదు’ అని అచ్చువేశారు. నేను కాదనలేదు. ఆ కార్డు జేబులో పెట్టుకుని, ముందురోజు సముద్రం చూద్దామని పలాసలో అక్కుపల్లి ఆటో ఎక్కాను.

పక్కన ఎండుచేపల గంపతో ఒక పెద్దావిడ కూర్చుంది. ఏం పని చేస్తావని అడిగింది. సాయిబులు ఎలా బతుకుతారో ముప్పయ్యేళ్లుగా చదువుతున్నానని చెప్పాను.

“ఇంకా అవ్వనేదా బావూ?” అంది, నిజంగానే జాలిపడి.

వాళ్లాయన గుజరాత్‌లో సాయిబుల బోటు మీద వేటకు వెళతాడట.

“బోటు మీద పొయ్యి ఒకటే. రంజాను నెల్లో సాయిబులు తెల్లారగట్ల తింతారు, మా ఆయనా ఆలతో తింతాడు. మజ్జానం ఆలు తిన్రు, ఈయన తింతాడు. పొద్దుగూకినాక ఆలతో మల్లీ తింతాడు. పండగనాటికి ఆలు సిక్కిపోతారు, ఈయన బలిసిపోతాడు.”

నేను నోటుబుక్కు తీశాను.

“రాసుకోడం కాదు. ఇంటికొచ్చినా నాలుగ్గంటలకే లేసి అన్నం ఎట్టమంతన్నాడు. దీనికేటి సెయ్యాలో సెప్పు, సదివినోడివి కదా.”

చదివిందంతా మనసులో తిరగేశాను. తెలియదన్నాను.

దిగేముందు నాకోసం నాలుగు ఎండుచేపలు తీసి, చుట్టడానికి కాగితం అడిగింది. నోటుబుక్కు చింపబుద్ధి కాక జేబులోని ఆ కార్డే ఇచ్చాను. ‘తెలియనిది లేదు’ అన్నచోటే చేపలు పెట్టి మడిచి, నా చేతిలో పెట్టింది.

“దిగులెట్టుకోకు బావూ. సదవగా సదవగా అదే వొస్తాది.”